మొక్కల సంగతులు రాయడానికి నేను వాడి చూసిన చోట్లు: గూగుల్‌లో ఏది దొరుకుతుంది, ఏది దొరకదు

రెండేళ్ల కిందట వైశాఖంలో నిజామాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. మందార కొమ్మల నిండా తెల్లగా దూదిలాంటిది పట్టేసిందట, మొగ్గలు విచ్చకుండానే రాలిపోతున్నాయట. ఏం కొట్టాలి అని అడిగారు. ఆ పురుగు గురించి నేను అంతకు ఏడాది ముందే ఫొటోలతో సహా వివరంగా రాశాను. "లింకు పంపిస్తానండీ, రెండు నిమిషాలు ఆగండి" అన్నాను. ఆ రెండు నిమిషాలు ముప్పావుగంట అయింది. మిద్దెతోటల గ్రూపు ఒకటి ఉంటే అందులో వేలితో కిందికి జరుపుతూనే ఉన్నాను. ఎవరివో పూల ఫొటోలు, పండగ శుభాకాంక్షలు, అమ్మకాల ప్రకటనలు వస్తున్నాయి తప్ప నేను రాసింది రాలేదు. చివరికి ఆవిడకి మొత్తం ఫోన్లోనే మళ్లీ చెప్పాను.

ఆ ఆదివారం మా ఆడపడుచు కొడుకు ఇంటికి వచ్చాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడితో చెబితే ఒక్క మాట అన్నాడు. "అత్తా, అది ప్రైవేట్ గ్రూపు. లోపల ఉన్నది సభ్యులకే కనబడుతుంది. గూగుల్ అందులోకి రాలేదు. నువ్వు రాసినవన్నీ ఆ గ్రూపువాళ్లు తప్ప ఎవరూ వెతకలేని చోట పెట్టావు." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడేళ్ల రాతలు అవి. నీళ్లు పెట్టడం అయ్యాక, పిల్లలు పడుకున్నాక కూర్చుని రాసినవి.

మాది కడియపులంక పక్కనే బుర్రిలంక. మామయ్యగారి కాలం నుంచి నర్సరీ. మా ఆయన లోడింగు, లారీలు చూసుకుంటారు. మొక్కలు కొన్నవాళ్లు తర్వాత అడిగే సందేహాలు మాత్రం నాకే వస్తాయి. తెలుగులో అడుగుతారు, తెలుగులో చెబుతాను, తెలుగులోనే రాస్తాను. ఆ రోజు నుంచి ఈ రెండేళ్లలో ఒక్కో చోటా రాసి చూశాను. ఏ చోట పెడితే అవసరమైన మనిషికి వెతకగానే దొరుకుతుందో తెలుసుకోవడమే నా పని. వంటలు, కుట్టుపని, పశువుల పెంపకం, పిల్లల చదువు లాంటివాటి మీద తెలుగులో రాసేవాళ్లు నాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

చోట్ల గురించి చెప్పే ముందు గూగుల్ సెర్చ్ కన్సోల్ గురించి చెప్పాలి. ఇది రాసే చోటు కాదు, మనం రాసింది గూగుల్‌కి ఎలా కనబడుతోందో చూపించే పనిముట్టు. పూర్తిగా ఉచితం. పూర్వం దీన్ని వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవారు, 2015లో పేరు మార్చారు. సైటు మనదే అని నిరూపించుకుంటే చాలు, ఏ మాటలు వెతికినప్పుడు మన పేజీ కనబడింది, ఎన్నిసార్లు కనబడింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నీ చెబుతుంది. 16 నెలల లెక్కలు దాచి ఉంచుతుంది. ఏదైనా పేజీ గూగుల్‌లోకి ఎక్కలేదంటే ఎందుకు ఎక్కలేదో కూడా రాస్తుంది. వచ్చి చదివి పక్కన పెట్టిందా, అసలు చదవడానికే రాలేదా, సర్వర్ (సైటు ఉండే కంప్యూటర్) పలకలేదా అన్నది అక్కడే తెలుస్తుంది.

దీన్ని మొదటిసారి తెరిచిన రాత్రి నాకు బాగా గుర్తు. మందార పురుగు మీద కొత్తగా రాసిన పేజీకి నేను పెట్టిన శీర్షిక "మందారపై పిండినల్లి నివారణ". వ్యవసాయ శాఖ కరపత్రాల్లో ఆ పేరే ఉంటుంది కాబట్టి అదే పెట్టాను. కన్సోల్‌లో చూస్తే జనం వెతికిన మాటలు వేరు. "మందార మొక్క తెల్ల పురుగు", "మందారానికి తెల్ల బూజు", "మందారం మొగ్గలు రాలుతున్నాయి" అని వెతుకుతున్నారు. అందులో ఎక్కువమంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నారు. పిండినల్లి అని వెతికినవాళ్లు చాలా తక్కువ. నిజమే కదా, ఆ పురుగు పేరు తెలిసిన మనిషికి సగం మందు తెలిసినట్టే. తెలియనివాళ్లే వెతుకుతారు. మర్నాడు శీర్షిక మార్చాను: "మందార మొక్కకి తెల్ల పురుగు (పిండినల్లి) పడితే ఏం చెయ్యాలి". మొదటి పేరాలోనే జవాబు పెట్టాను. ముందు నీళ్ల పైపుతో గట్టిగా కొట్టి కడగండి, తర్వాత లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి, చీమలు ఎక్కకుండా చూడండి, వాటిని చీమలు కూడా మోసుకొస్తాయి అని రాశాను. మూడు వారాలకి అది గూగుల్ ఫలితాల్లో రెండో పేజీలోంచి మొదటి పేజీలోకి వచ్చింది.

అందుకే నా మొదటి గీటురాయి ఇదే అయింది. నేను రాసే చోట సెర్చ్ కన్సోల్ పెట్టుకునే వీలు ఉందా, లేదా? లేకపోతే చీకట్లో మందు కొట్టినట్టే. సోషల్ మీడియా పేజీల్లో, ఇంకొకరి పత్రికలో, ఇంకొకరి వేదిక మీద రాస్తే ఆ లెక్కలు వాళ్లకి తెలుస్తాయి, మనకి తెలియవు.

ఇక చోట్లు. మొదట బ్లాగర్, ఉచితంగా బ్లాగు రాసుకునే చోటు. 1999లో పుట్టింది, 2003లో గూగుల్ కొనుక్కుంది. పాతబడిపోయింది, ఎవరూ వాడటం లేదు అని చాలామంది అంటారు. కొత్త హంగులు పెద్దగా రావడం లేదన్నది నిజమే. కాని పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టొచ్చు, సర్వర్ బాధ మనకి లేదు, సైట్‌మ్యాప్ (గూగుల్‌కి ఇచ్చే మన పేజీల జాబితా) దానంతట అదే తయారవుతుంది, సెర్చ్ కన్సోల్‌కి అదే జీమెయిల్ ఖాతా వాడితే నిరూపణ సులువుగా అయిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, సొంత డొమైన్ (మన పేరుతో ఉండే వెబ్ అడ్రసు) కొనుక్కుని దానికి తగిలించుకోవడానికి బ్లాగర్ ఏమీ తీసుకోదు. డొమైన్ ఖర్చు ఒక్కటే మనది. నాకు ఏడాదికి వెయ్యి లోపే అవుతోంది. తగిలించాక బ్లాగర్ ఉచితంగా ఇచ్చిన పాత బ్లాగ్‌స్పాట్ అడ్రసుకి వచ్చినవాళ్లు కూడా కొత్త అడ్రసుకే చేరతారు.

తెలుగులో రాసేవాళ్లు బ్లాగర్‌లో ఒక సంగతి మొదటి రోజే తెలుసుకోవాలి. శీర్షిక మొత్తం తెలుగులో ఉంటే, పేజీ అడ్రసు తయారు చేసేటప్పుడు అది తెలుగు అక్షరాలని తీసుకోదు. ఏడాది, నెల, తర్వాత 'బ్లాగ్-పోస్ట్' అనే రెండు ఇంగ్లీషు మాటలు, వెనక ఒక అంకె, అంతే. మందార గురించి రాసినా, మల్లె గురించి రాసినా అదే అడ్రసు, అంకె మాత్రం మారుతుంది. ప్రచురించే ముందు కుడివైపు పర్మాలింక్ (పేజీ అడ్రసు) అనే చోట కస్టమ్ ఎంచుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో మనమే రాసుకోవాలి. నేను 'మందార-తెల్ల-పురుగు' అని ఇంగ్లీషు అక్షరాల్లో పెడతాను. అడ్రసులో మాటలు ఉన్నంత మాత్రాన ర్యాంకు పెద్దగా మారదు. కాని వాట్సాప్‌లో ఎవరైనా లింకు పంపితే అవతలివాళ్లకి అది దేని గురించో తెలుస్తుంది, నాకూ సెర్చ్ కన్సోల్‌లో చూడగానే ఏ పేజీయో తెలుస్తుంది. మొదటి పదిహేడు పోస్టులు ఈ సంగతి తెలియక అలాగే వదిలేశాను. ఇప్పటికీ కన్సోల్‌లో ఆ పదిహేడింటిలో ఏది ఏదో నొక్కి చూస్తేగాని తెలియదు. అలాగే సెట్టింగ్స్‌లో సెర్చ్ డిస్క్రిప్షన్ అనేది ఆన్ చేసుకుంటేనే ఒక్కో పోస్టుకి చిన్న పరిచయ వాక్యం రాసుకునే చోటు వస్తుంది. నా మార్కులు పదికి ఎనిమిది.

తర్వాత వర్డ్‌ప్రెస్, ఇదీ సైటు కట్టుకుని రాసుకునే ఏర్పాటే. దీంట్లో రెండు రకాలు, ఈ తేడా తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అంటే వాళ్లే నడిపే సేవ. ఉచిత ప్లాన్‌లో అడ్రసు వాళ్ల పేరుతోనే ఉంటుంది, వాళ్ల ప్రకటనలు కనబడతాయి. రెండోది 2003 నుంచి ఉన్న వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్. అది ఉచితమే, కాని మనం హోస్టింగ్ (సైటు ఉంచుకునే అద్దె చోటు) కొనుక్కుని పెట్టుకోవాలి. స్వేచ్ఛ ఎక్కువ, బాధ్యతా ఎక్కువ. అప్‌డేట్లు, బ్యాకప్‌లు, భద్రత అన్నీ మన మెడకే.

ఇక్కడ తెలుగు శీర్షిక పెడితే అడ్రసులో తెలుగే వస్తుంది, బ్రౌజర్‌లో చూడముచ్చటగా ఉంటుంది. కాపీ చేసి ఎవరికైనా పంపితే మాత్రం శాతం గుర్తులు, అంకెలు కలిసిన పెద్ద తోక అవుతుంది. లోపల ఒక్కో తెలుగు గుర్తూ తొమ్మిది ఇంగ్లీషు గుర్తులుగా మారుతుంది. మందార అనే చిన్న మాటకి సున్నా, దీర్ఘం కూడా విడిగా లెక్క కాబట్టి 45 గుర్తులు. వర్డ్‌ప్రెస్ ఒక అడ్రసుకి ఇచ్చే హద్దు 200. అంటే 22 తెలుగు గుర్తులు దాటగానే మిగతాది తెగిపోతుంది. గూగుల్‌కి తెలుగు అడ్రసులు చదవడం వచ్చు, ఆ ఇబ్బంది లేదు. ఇబ్బంది పంపుకునే మనుషులకే. ఇక్కడ కూడా ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న అడ్రసు రాసుకోవడమే మంచిది.

నేను వర్డ్‌ప్రెస్‌ని ఎనిమిది నెలలు నడిపాను. హోస్టింగ్ ఒక చోట చవగ్గా వస్తోందని కొన్నాను, పేరు చెప్పను. కార్తీకమాసం వచ్చింది. తులసి, ఉసిరి, మారేడు మొక్కల గురించి ఏడాదిలో ఎక్కువ వెతికే రోజులు అవి. సరిగ్గా అప్పుడే సైటు రోజు విడిచి రోజు పడిపోయింది. ఫోన్ చేస్తే "మెయింటెనెన్స్ మేడం" అన్నారు, చాట్‌లో అడిగితే పెద్ద ప్లాన్ కొనమన్నారు. సెర్చ్ కన్సోల్‌లో సర్వర్ ఎర్రర్ అని ఎర్ర గీత పైకి లేచింది. తులసి కోటలో మొక్క ఎందుకు ఎండిపోతుందని రాసిన పేజీ మూడో స్థానంలో ఉండేది, అది జారిపోయింది. పౌర్ణమి దాటాక సైటు నిలకడగా పనిచేసింది, కాని అప్పటికి వెతికేవాళ్లు అయిపోయారు. రెండో ఏడాది రెన్యువల్ బిల్లు మొదటి ఏడాదికి దాదాపు మూడింతలు. అప్పుడు బ్లాగర్‌కి తిరిగి వచ్చేశాను. డొమైన్ నాదే కాబట్టి పాఠకులకి అడ్రసు మారలేదు. ఒక్కో పేజీకీ దారి మళ్లింపు పెట్టడానికి మా మేనల్లుడికి రెండు రాత్రులు పట్టింది. ఇంట్లో కంప్యూటర్ పని తెలిసినవాళ్లు ఉంటే, మంచి హోస్టింగ్‌కి నెలనెలా పెట్టగలిగితే వర్డ్‌ప్రెస్‌కి మించింది లేదు. ఒంటరిగా నడిపేవాళ్లకి నేను చెప్పను.

మీడియం గురించి రెండు మాటలు. 2012లో వచ్చింది. బ్లాగర్ పెట్టినవాళ్లలో ఒకరైన ఇవాన్ విలియమ్సే దీన్నీ మొదలుపెట్టారు. రాయడానికి అంత హాయిగా ఉండే చోటు ఇంకొకటి నేను చూడలేదు. మన సైటులో ఉన్న వ్యాసాన్ని ఇంపోర్ట్ పద్ధతిలో తెచ్చుకుంటే అసలు పేజీ మనదే అని గూగుల్‌కి చెప్పే కెనానికల్ గుర్తు అదే పెడుతుంది, అది మంచి ఏర్పాటు. కాని మొక్కల గురించి తెలుగులో చదివేవాళ్లు అక్కడ నాకు కనబడలేదు. ప్రతిలిపి కథలకి, సీరియళ్లకి మంచి చోటు. పురుగుమందు మోతాదు వెతికేవాళ్లు అక్కడికి రారు.

ఈ కెనానికల్ అనే మాట నాకు డబ్బు పోయాక తెలిసింది. ఆ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోజూ ఎవరో ఒకరికి ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

ఒకాయన ఫోన్ చేశారు. "మేడం, మీ సైటుకి అథారిటీ లేదు. మా దగ్గర డొమైన్ అథారిటీ 50 దాటిన సైట్లు ఉన్నాయి, మీ వ్యాసాలు వాటిలో వేస్తాం, మీకు లింకు ఇస్తాం, నెలలో మొదటి పేజీ" అన్నారు. ఆరు వేలు అడిగారు. అమ్మకాలు మందకొడిగా ఉన్న నెల అది. కనకాంబరం నారు అమ్మిన డబ్బు తీసి కట్టాను. ఆ డొమైన్ అథారిటీ అనేది సైటుకి ఎంత పరపతి ఉందో మోజ్ అనే కంపెనీ వేసే లెక్క, గూగుల్ లెక్క కాదని అప్పుడు తెలియదు. గూగుల్ దాన్ని వాడదు.

వాళ్లు నా అయిదు వ్యాసాలు తీసుకుని ఏడు సైట్లలో వేశారు. ఒక దాంట్లో పక్కన లోన్ల ప్రకటనలు, ఇంకో దాంట్లో క్రికెట్ స్కోర్లు, మధ్యలో నా గులాబీ కత్తిరింపు. నా సైటులో కూడా అదే వారం అవే పెట్టాను. ఇరవై రోజులకి సెర్చ్ కన్సోల్ తెరిస్తే నా గులాబీ పేజీ ఎదురుగా ఒక వాక్యం: ఇది డూప్లికేట్, యూజర్ చెప్పింది కాకుండా గూగుల్ వేరే కెనానికల్ ఎంచుకుంది అని. అంటే ఒకే వ్యాసం చాలా చోట్ల కనబడితే అందులో ఒకదాన్నే అసలుదిగా పెట్టుకుంటుంది, మిగతావి పక్కన పెడుతుంది. అసలుదిగా లోన్ల సైటు పేజీని తీసుకుంది. గూగుల్‌లో వెతికితే నా వాక్యాలు వచ్చాయి, "కొమ్మ కోసేటప్పుడు బయటివైపు చూసే కన్నుకి పైన పావంగుళం వదిలి ఏటవాలుగా కొయ్యండి" అని నేను రాసినది రాసినట్టే వచ్చింది. దాని పైన మాత్రం ఎవరో అడ్మిన్ పేరు ఉంది. అది చూసి ఏడుపొచ్చింది.

తీసెయ్యమని అడిగితే రెండు సైట్లవాళ్లు తీశారు. మిగతావాళ్లు పలకలేదు. దొంగిలించారని ఫిర్యాదు చేయడానికీ లేదు, నేనే డబ్బులిచ్చి ఇచ్చాను కదా. ఆ అయిదు వ్యాసాలనీ మళ్లీ కొత్తగా రాసుకున్నాను, కొత్త ఫొటోలు తీసుకున్నాను. డబ్బు తీసుకుని లింకు ఇస్తే దానికి స్పాన్సర్డ్ అనో (డబ్బిచ్చిన లింకు), నోఫాలో అనో (ఈ లింకుని లెక్కలోకి తీసుకోవద్దు) గుర్తు పెట్టాలన్నది గూగుల్ నియమం. పెట్టకుండా అమ్మే లింకులని స్పామ్ కింద లెక్కేస్తుంది. పేరున్న సైటు పరపతిని అద్దెకి తీసుకుని సంబంధం లేని వ్యాసాలు వేయించుకోవడం మీద కూడా 2024 మార్చిలో కొత్త నియమం ప్రకటించి మే నుంచి అమలు చేసింది. కాబట్టి నెలలో మొదటి పేజీ అని ఎవరైనా ఫోన్ చేస్తే ఫోన్ పెట్టెయ్యండి. గూగుల్‌లో ఎక్కడ ఏ స్థానం వస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు, గూగుల్ కూడా ఇవ్వదు.

ఇంకొకరి చోట రాయడమే తప్పని కాదు. ఒక పత్రికవాళ్లు వానాకాలం మొక్కల మీద అడిగితే రాసిచ్చాను. డబ్బు వాళ్లూ అడగలేదు, నేనూ అడగలేదు. నా సైటులో ఉన్నది కాకుండా వాళ్ల కోసం వేరే వ్యాసం రాశాను. కింద నర్సరీ సైటు అడ్రసు వేశారు. ఆ నెలలో దాని మీంచి వచ్చినవాళ్లు ఆరాంగా నాలుగైదు పేజీలు చదివి వెళ్లారు. ఇంకొకరి చోటు ఎంచుకునేటప్పుడు నేను ఇప్పుడు చూసేది ఒకటే. అక్కడికి వచ్చే మనిషికి మొక్కలతో పని ఉందా, లేదా.

యూట్యూబ్ సంగతి వేరు. తెలుగువాళ్లు చదవడం కన్నా చూడటం ఎక్కువ ఇష్టపడతారు, అది నేను కాదనను. గూటీ (కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్లు పుట్టించే అంటు) కట్టడం లాంటి పని ఎంత రాసినా రెండు నిమిషాల వీడియో చూపించినంత తెలియదు. బెరడు ఎంత వెడల్పు ఒలవాలి, మాస్ (నాచు) ఎంత తడిగా ఉండాలి, దారం ఎక్కడ బిగించాలి అనేవి చేతులు చూస్తేనే అర్థమవుతాయి. వీడియో కింద వివరణలో 00:00 నుంచి మొదలుపెట్టి కనీసం మూడు చోట్ల సమయాలు రాస్తే భాగాలుగా విడిపోతుంది, గూగుల్ వెతుకులాటలో కూడా సరిగ్గా ఆ భాగం చూపించే అవకాశం ఉంటుంది. మోతాదులు, నెలలు, కొలతలు మాత్రం రాతలోనే ఉండాలి. మందు డబ్బా చేతిలో పట్టుకున్న మనిషి వీడియో ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ కూర్చోలేడు. నేను రెండూ చేస్తాను. వీడియో యూట్యూబ్‌లో పెట్టి, దాన్నే నా పేజీలో తగిలించి, కింద కొలతలు రాస్తాను.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ నర్సరీకి తప్పకుండా ఉండాలి. రాజమండ్రి వచ్చినవాళ్లు "దగ్గర్లో నర్సరీ" అని వెతికితే కనబడేది అదే. వ్యాసాలకి అది చోటు కాదు. ఆ ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా చిన్న వెబ్‌సైటు కూడా ఇచ్చేవారు, బిజినెస్ డాట్ సైట్ అని చివర ఉండేది. 2024 మార్చిలో వాటిని మూసేశారు, జూన్ దాకా ప్రొఫైల్‌కి దారి మళ్లించి తర్వాత అదీ ఆపేశారు. గూగుల్ ప్లస్ కూడా 2019లో ఇలాగే మూతపడింది. అందుకే సొంత డొమైన్ అని ఇన్నిసార్లు చెబుతున్నాను. వెనక బ్లాగర్ ఉన్నా, రేపు ఇంకేదైనా ఉన్నా, జనం గుర్తుపెట్టుకున్న అడ్రసు నా పేరు మీదే ఉంటుంది. నర్సరీ పేరు బోర్డు మనదైతే స్థలం మారినా పాత ఖాతాదారు వెతుక్కుంటూ వస్తాడు.

చోటు ఎంత మంచిదైనా అందులో పెట్టేది గూగుల్‌కి అక్షరాలుగా అందాలి. ఇది మామయ్యగారి నోటుబుక్కు దగ్గర నేర్చుకున్నాను. ఎర్ర అట్ట పుస్తకం, ఏ మొక్కకి ఏ నెలలో అంటు కట్టారు, ఎన్ని బతికాయి అన్నీ రాసుకున్నారు. కొన్ని పేజీల్లో మట్టి వేలిముద్రలు కూడా ఉన్నాయి. చాలా ఏళ్ల కిందట అందులోంచి కొంత తీసి డీటీపీ చేయించి కరపత్రం వేశారు. ఆ ఫైలు ఇంకా ఉందని తెలిసి సంబరపడి తెచ్చుకున్నాను. పోస్టులో అతికిస్తే తెలుగు రాలేదు, ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు వచ్చాయి. 'అను' అనే పేరుతో వచ్చిన పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన ఫైళ్లన్నీ ఇంతే. కంటికి తెలుగులా కనబడతాయి, లోపల యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తించే అక్షరాల పద్ధతి) తెలుగు ఉండదు, గూగుల్ దాన్ని తెలుగుగా చదవలేదు. మార్చే పనిముట్లు ఉన్నాయి కాని ఒత్తుల దగ్గర తప్పులు పడ్డాయి. కరపత్రం ఫొటో తీసి పెడదామా అనుకున్నాను. ఫొటోలోని అక్షరాలని నమ్ముకోకూడదు, వెతికేవాళ్లకి దొరకాలంటే రాత రాతగానే ఉండాలి.

దాంతో మామయ్యగారు కూర్చుని చదివారు, నేను ఫోన్లో తెలుగు కీబోర్డుతో కొట్టాను. "ఆషాఢం నుంచి భాద్రపదం దాకా గూటీకి మంచిదని రాయమ్మాయ్. గాలిలో తడి ఉంటే వేరు తొందరగా పడుతుంది. ఎండాకాలం కట్టి నన్ను తిట్టుకోవద్దని కూడా రాయి" అన్నారు. అదీ రాశాను. ఆయన చేతులతో దానిమ్మ కొమ్మకి గూటీ కడుతున్న ఫొటో పెట్టాను. నా సైటులో అన్నిటికన్నా ఎక్కువమంది చదివేది ఆ పేజీనే. గూగుల్ నాణ్యత మార్గదర్శకాల్లో 2022 డిసెంబర్‌లో స్వయంగా చేసిన అనుభవం అనే అంశం కొత్తగా చేర్చారు. యాభై ఏళ్లు అంట్లు కట్టిన మనిషి మాట మా ఇంట్లోనే ఉంటే నేను వేరే వ్యాసాలు చూసి రాయాల్సిన పనేముంది!

ఇప్పుడు నా పద్ధతి ఇలా ఉంది. ముందు నా సైటులో పెడతాను. సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీ అడ్రసు వేసి ఇండెక్స్ చెయ్యమని, అంటే గూగుల్ జాబితాలోకి ఎక్కించమని అడుగుతాను. గూగుల్‌లోకి ఎక్కిందని చూసుకున్నాక గ్రూపుల్లో రెండు మూడు వాక్యాలు, ఒక ఫొటో, లింకు పెడతాను. మొత్తం వ్యాసం ఎక్కడా మళ్లీ పెట్టను. ప్రశ్న అడిగినవాళ్లకి మాత్రం లింకుతో పాటు జవాబు అక్కడే చెబుతాను, లింకు పడేసి వెళ్లిపోతే మనసుకి బాగుండదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డొమైన్ కొనడానికి తటపటాయిస్తే కనీసం బ్లాగ్‌స్పాట్ అడ్రసుతోనైనా మొదలుపెట్టండి. తెలుగులో ఇంకా జవాబు లేని ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఇంగ్లీషులో గులాబీల మీద రాసేవాళ్లతో పోటీ పడాలంటే నా వల్ల కాదు, కాని "లిల్లీ గడ్డలు ఎప్పుడు తవ్వాలి" అని తెలుగులో వెతికిన మనిషికి నేను ఎదురుపడగలను.

నిజామాబాద్ ఆవిడకి తర్వాత లింకు పంపాను. మందార బతికిందట, ఫొటో పెట్టారు.

నిన్న రాత్రి కన్సోల్‌లో కొత్త మాట ఒకటి కనబడింది. "కుండీలో కరివేపాకు ఆకులు పసుపు" అని వెతికినవాళ్లకి నా వేరే పేజీ ఏదో పద్నాలుగో స్థానంలో చూపిస్తోంది. ఆ పేజీలో దానికి జవాబు లేదు. పొద్దున్నే మామయ్యగారిని అడిగాను. "ఎరువు అనకముందు కుండీ అడుగు చూడమను. నీళ్లు నిలిచి వేరు కుళ్లుతోందేమో" అన్నారు. షెడ్డు వెనక పసుపెక్కిన కుండీలు రెండు ఉన్నాయి. సాయంత్రం ఎండ తగ్గాక బోర్లించి వేళ్లు ఫొటో తియ్యాలి.